సముద్రం వేడి చూసే పీపా బావ

హార్బర్ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ పీపా బావే. మనిషిని చూస్తే పీపాకీ ఆయనకీ ఎక్కడా పోలిక కనపడదు. కొయ్యకి చొక్కా తగిలించినట్టుంటాడు, గాలి కాస్త గట్టిగా వీస్తే పరిగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది. ఆ పేరు పెట్టింది భార్య తమ్ముడు. వరసకి బావ, చేసేది పీపాల పని, అందుకని పీపా బావ. బావమరిది వేళాకోళానికి అన్న మాటని వీధంతా అందుకుంది. అమ్మ వయసున్న ఎదురింటి ముసలమ్మ కూడా "పీపా బావా, ఈ ఫ్యాను ఎందుకు తిరగట్లేదో కాస్త చూసిపెట్టు నాయనా" అని కేకేసేది.

ఆ పీపాలు నూనె పీపాలు కావు. నడిసముద్రంలో లంగరు వేసి నిలబెట్టిన పసుపురంగు బోయాలు. ఒక్కొక్కటీ చిన్న గదంత ఉంటుంది. పైన ఇనప చట్రం, చట్రానికి సోలార్ పలకలు, గాలి వేగం కొలవడానికి గిరగిరా తిరిగే గిన్నెలు. కింద నీళ్లలోకి దిగిన పొడవాటి తీగ, దాని వెంబడి అక్కడక్కడా బిగించిన థర్మామీటర్లు. సముద్రం పైన ఎంత వేడిగా ఉంది, ఆ వేడి ఎంత లోతుకి దిగింది, గాలి ఎటు వీస్తోంది, ఈ సంగతులన్నీ పీపాలు ఉపగ్రహానికి చెబుతాయి. అక్కణ్ణుంచి ఊరి చివర గుట్ట మీదున్న సముద్ర కేంద్రానికి కబురు అందుతుంది. వాటిలో ఏది మూగబోయినా ఓడెక్కి వెళ్లి దానికి మళ్లీ మాటలు తెప్పించే మెకానిక్కు ఆయన.

ఆ ఉద్యోగం ఆయన కోరుకున్నది కాదు. వయసులో ఉండగా బస్టాండు మూల రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. కొట్టంటే, ఆయన లోపల కూర్చుంటే వచ్చినవాళ్లు రోడ్డు మీద నిలబడాల్సిందే. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీలు పలచబడి గోడకెక్కాయి. జనం బాగుచేయించుకోవడం మానేసి కొత్తవి కొనుక్కోవడం మొదలుపెట్టారు. కొట్టులో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో కేంద్రం జీపు వచ్చి ఆగింది. ఉప్పునీళ్లు తగిలి లోపలంతా పచ్చగా పాచిపట్టినట్టయిన ఒక పెట్టెని తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇది ఎవరివల్లా కాలేదు, నువ్వు చూడు అన్నారు. పళ్లు తోముకునే బ్రష్షుతో దాన్ని శుభ్రం చేసి, తెగిన చోటల్లా అతికి, సాయంత్రానికి దాని మీది దీపం వెలిగించి చూపించాడు. వాళ్లు ఉద్యోగమిస్తామన్నారు. ఎగిరి గంతేశాడు. ఓడ మీద పని అని తర్వాత చెప్పారు.

నీళ్లంటే ఆయనకి భయం లేదు గాని ఓడంటే కడుపు ఒప్పుకోదు. మొదటిసారి వెళ్లినప్పుడు పీపా దగ్గరికి చేరేదాకా బకెట్ ఒళ్లో పెట్టుకుని పడుకున్నాడు. ఒడ్డు చేరగానే రాజీనామా ఇచ్చేస్తానని వంటవాడితో ఒట్టు పెట్టుకున్నాడు కూడా. తీరా పీపా మీదికెక్కి, మూత తెరిచి, తీగ కలిపాక, ఓడ మీద నుంచి ఒకాయన "వచ్చింది! అంకె వచ్చింది!" అని అరిచాడు. చుట్టూ కనుచూపుమేర నీళ్లు తప్ప ఏమీ లేని ఆ చోట, తన చేతి పని ఊళ్లో ఎవరి ముందో అంకెగా వెలిగిందన్న మాట ఆయనకి భలే నచ్చింది. రాజీనామా సంగతి మళ్లీ ఎత్తలేదు.

కొన్నాళ్లకి పెళ్లయింది. పిల్ల హార్బర్ వీధిదే, బట్టలు కుడుతుంది. పుట్టింటివాళ్లంతా పడవల మీద బతికే మనుషులు. ఆమె తమ్ముడు వేటపడవకి సరంగు, అంటే పడవ నడిపించేవాడు, పడవలో మాట చెల్లేవాడు. "సముద్రం పడని మనిషికి మా అక్కనిచ్చామురా" అని పెళ్లిలోనే నవ్వాడు. అయినా బావంటే వాడికి ప్రాణం. వేట నుంచి వస్తే ముందు అక్క గుమ్మంలో చేపలు పెట్టి, ఆ తర్వాతే ఇంటికి పోయేవాడు.

ఇలా సాగిపోతుండగా వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు తక్కువ పడ్డాయి, మరుసటి ఏడు అంతకంటే తక్కువ. ఊరికి నీళ్లిచ్చే జలాశయం అడుగున బీటలు కనపడ్డాయి. వీధి కుళాయి దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. ట్యాంకర్ వచ్చే వేళకి బిందెలు, బకెట్లు, రంగు డబ్బాలు వీధి పొడవునా బారులు తీరేవి. పీపా బావ భార్య కుట్టుమిషను వదిలేసి ఆ వరసకి పెద్ద అయింది. ఎవరి బిందె ముందుకి జరిగినా ఆమె కంటపడకుండా ఉండేది కాదు. మూడో ఏడు ఎండాకాలం మొదలవుతుండగానే పేపర్లన్నీ ఒకటే రాశాయి. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కుతోంది, ఎల్ నినో వస్తోంది, ఈసారీ కరువే అని.

సరిగ్గా అప్పుడే పీపాలు ఒక్కొక్కటిగా మూగబోయాయి.

ఓడ మీద వెళ్లి చూస్తే ఒకదానికి తీగ తెగింది, ఇంకోదానికి చట్రం వంగింది. తీరానికి దగ్గరగా ఉన్న పీపాకైతే సోలార్ పలకే లేదు. నాలుగు బోల్టులూ శుభ్రంగా విప్పి పట్టుకుపోయారు. అలలకి ఊడిపోయినదైతే బోల్టులు అంత మర్యాదగా ఊడవు. పీపా నీడకి చేపలు చేరతాయి, చేపల కోసం పడవలు చేరతాయి, పడవలు పీపాకే తాడు కట్టేస్తాయి, వలలు కింది తీగకి చిక్కుకుంటాయి. అది ఆయనకి ఎప్పటినుంచో తెలిసిందే. కానీ పలక విప్పుకెళ్లడం మాత్రం కొత్త. తీసుకెళ్లిన సామానుతో రెండు పీపాలు బాగయ్యాయి. పలక పోయిన పీపా అలాగే ఉండిపోయింది.

కేంద్రంలో వాన అంచనాలు వేసేది ఒక మేడమ్. ఎప్పుడు చూసినా తెర ముందు కూర్చుని కూడికలూ తీసివేతలూ చేస్తుంటుంది కాబట్టి లెక్కల మేడమ్ అనేవారు. ఆవిడ పళ్లు నూరింది.

"అన్నిటికంటే అదే ముఖ్యమైన పీపా. మన వైపు సముద్రం లోపల ఎలా ఉందో చెప్పేది అదొక్కటే. పోలీసులకి చెప్తాను. పడవలన్నీ వెతకమంటాను" అంది.

ఆ వారం సెలవు రోజున పీపా బావ భార్యతో కలిసి బావమరిది ఇంటికి భోజనానికి వెళ్లాడు. ఇంటి వెనక వలలు అల్లుకునే పాక ఉంది. చేతులు కడుక్కోవడానికి అటు వెళ్లినవాడు పైకి చూసి అక్కడే ఆగిపోయాడు. పాక మీద సోలార్ పలక. దాని మూల తానే ఒకప్పుడు అతికిన నల్లటి మైనం. పలక నుంచి దిగిన తీగ కింద ఒక ఫ్యానుకీ పాటలపెట్టెకీ వెళ్తోంది. ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"ఇదెక్కడిదిరా?" అన్నాడు.

బావమరిది నీళ్లు నమిలాడు. "అదా... సముద్రంలో..."

"సముద్రంలో పలకలు కాస్తాయా?"

"అలా కోప్పడకు బావా. మా పడవ కుర్రాళ్లు తెచ్చారు. పీపా మీద ఊరికే పడుంది కదా అని..."

"ఊరికే పడుందా? దాని మీదేరా నా అన్నం!"

"నీ అన్నం నీకుంది. మాకేంటి దాంతో?" బావమరిదికీ రోషం వచ్చింది. "ఇన్నేళ్ల నుంచి నువ్వు వెళ్తున్నావు, వస్తున్నావు. ఆ పీపా ఏం చేస్తుందో ఒక్కనాడైనా చెప్పావా? మీ ఆఫీసువాళ్లు ఒక్కళ్లయినా ఈ వీధికొచ్చి చెప్పారా? చేపలొస్తాయి, తాడు కట్టుకోవచ్చు. మాకు తెలిసిందల్లా అంతే."

పీపా బావకి కోపం అలాగే ఉంది, కానీ వాడన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నిజమే, ఇంట్లో పీపాల గురించి ఆయన చెప్పిందంతా కడుపులో తిప్పడం గురించే. భోజనం సగంలో లేచాడు. దారిలో భార్య మెల్లగా అడిగింది.

"పట్టిస్తావా వాణ్ణి?"

"పట్టించను. అలాగని ఊరుకోను."

"మరేం చేస్తావు?"

"తెలీదు. నడువు."

మర్నాడు లెక్కల మేడమ్ గదికి వెళ్లి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"పలక ఎక్కడుందో తెలిసిందండి. ఎవరని మాత్రం అడక్కండి. మా ఇంటి మనిషే."

ఆవిడ కళ్లజోడు తీసి ఆయన్ని చూసింది. "మీరు చెప్పకపోతే నేనేం చెయ్యాలి?"

"కేసు పెడితే ఒకడు భయపడతాడండి. మిగతావాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా విప్పుకుపోతారు. అలా కాదు గాని, సరంగులందర్నీ ఒకరోజు ఇక్కడికి తీసుకొస్తాను. ఆ తెర చూపించండి. పీపా ఏం చెబుతుందో వాళ్లూ చూడాలి."

ఆవిడకి నమ్మకం కుదరలేదు. వాళ్లకేం అర్థమవుతుందండీ అనలేదు గాని, ఆ మాట ముఖం మీద కనపడింది. చివరికి సరే అంది.

సరంగులు వచ్చారు. ఉతికిన చొక్కాలేసుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, చల్లటి గదిలో గోడ వారన నిలబడ్డారు. మేడమ్ తెర మీద రంగులు చూపిస్తూ పెద్ద పెద్ద మాటలతో మొదలుపెట్టింది. కాసేపటికి ఒకాయన ఆవులింత మింగాడు, ఇంకొకాయన కిటికీలోంచి తన పడవ కనపడుతుందేమోనని చూశాడు. ఇది ఒడ్డు చేరేలా లేదని పీపా బావకి అర్థమైంది. అప్పుడే టీ పళ్లెం వచ్చింది. ఒక కప్పు తీసుకుని బావమరిది ముందు పెట్టాడు.

"మీగడ కట్టింది చూడు. ఇటు నుంచి ఊదు."

"ఏంటి బావా, అందరి ముందూ..."

"ఊదమన్నాను కదా."

ఊదాడు. మీగడ అవతలి అంచుకి పోయి ముడతలు పడింది.

"పసిఫిక్‌లో గాలి రోజూ చేసేది ఇదే. పైనున్న వేడినీళ్లని మన వైపుకి తోసి పోగేస్తుంది. వేడినీళ్లు ఎక్కడుంటే అక్కడ ఆవిరి పైకి లేస్తుంది, మబ్బులు అక్కడే కడతాయి, వాన అక్కడే పడుతుంది. ఇప్పుడు ఊదడం ఆపు."

మీగడ నెమ్మదిగా మళ్లీ ఇవతలికి జరిగింది.

"కొన్నేళ్లకోసారి గాలి ఇలా నీరసపడుతుంది. వేడినీళ్లు వెనక్కి జారతాయి. వాటి వెంటే మబ్బులూ పోతాయి. అవి వదిలేసిన మన వైపు కరువు, అవి చేరిన వైపు వరదలు. ఎల్ నినో అంటే అదే. అంత దూరంలో జరిగినదానికి మన వీధిలో బిందెలు ఎండుతున్నాయి."

గదిలో కదలిక వచ్చింది. గాలి నీళ్లని తొయ్యడం అంటే వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్ద వయసు సరంగు ఒకాయన ముందుకొచ్చాడు. "అయితే మనకి ఈ ఏడూ వాన లేనట్టేనా?"

మేడమ్ ఈసారి మామూలు మాటల్లోకి దిగింది. "అదే తెలీట్లేదండీ. మన సముద్రంలో కూడా ఇలాంటి ఊగులాట ఒకటుంది. ఒక్కో ఏడు అవతలి పక్క వేడెక్కుతుంది, ఒక్కో ఏడు మన పక్క. మన పక్క బాగా వేడెక్కితే పసిఫిక్ చేసే చెరుపుని అది చాలావరకు అడ్డుకోగలదు. పైపొర సంగతి ఉపగ్రహం చెబుతుంది. కానీ పైపొర వేడి రెండు గాలులకి చెదిరిపోతుంది. లోపలి వేడి అయితే నిలబడుతుంది. ఆ లోపలి సంగతి చెప్పే పీపా ఇదిగో, ఇక్కడ ఆగిపోయింది."

తెర మీద ఒక గీత కొంతదూరం వచ్చి తెగిపోయింది. దాని తర్వాత అంతా ఖాళీ. బావమరిది ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. టీ చల్లారిపోయింది.

వెళ్లేముందు పెద్ద సరంగు అడిగాడు. "చల్లనీళ్లూ వేడినీళ్లూ కలిసే అంచు మీ తెర మీద కనపడుతుందా అమ్మా? మాకు చేపలు అక్కడే ఎక్కువ పడతాయి."

"కనపడుతుంది" అని మేడమ్ ఆశ్చర్యపోయింది. "మీకు పనికొస్తుందని నాకు తట్టనే లేదు." రోజూ పొద్దున్నే ఆ అంచు ఎక్కడుందో, గాలి ఎలా ఉంటుందో హార్బర్ వైర్‌లెస్‌లో చెప్పిస్తానంది. పీపాలకి తాడు కట్టబోమని, ఇంకెవరైనా కడితే తామే తరిమేస్తామని సరంగులు మాటిచ్చారు.

మర్నాడు పట్టపగలు, వీధంతా చూస్తుండగా, బావమరిది సోలార్ పలకని నెత్తిన పెట్టుకుని వచ్చి బావ గుమ్మంలో దించాడు. "పద. మీ ఓడ ఎక్కడో ఉందటగా, వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. నా పడవలో తీసుకెళ్తాను."

కేంద్రం అనుమతిచ్చింది. ఓడలోనే ఆగని కడుపు వేటపడవలో ఆగుతుందా? ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. పడవ కుర్రాళ్లు మాత్రం ఒక్కరూ నవ్వలేదు, ఎందుకంటే బోల్టులు విప్పింది వాళ్లే. పీపా దగ్గర వాళ్లే నీళ్లలోకి దూకి, తాళ్లు పట్టుకుని, పలకని పైకందించారు. అదృష్టం కొద్దీ కింది తీగకి దెబ్బ తగల్లేదు. ఆయన పైన కూర్చుని తుప్పు గీకి, తీగలు అతికి, మూత బిగించాడు. వైర్‌లెస్‌లో మేడమ్ గొంతు గరగరమంటూ వచ్చింది.

"వస్తున్నాయి! అన్ని లోతులూ వస్తున్నాయి!"

ఎవరూ అనుకోని సంగతి ఆ అంకెల్లో ఉంది. మన పక్క సముద్రం వేడెక్కింది. పైపైన కాదు, లోతు దాకా. మేడమ్ మళ్లీ మళ్లీ లెక్కలు కట్టి ప్రకటన చేసింది. వర్షాకాలం మొదట్లో ఎండగానే ఉంటుంది, రెండో సగంలో మంచి వానలు పడే అవకాశం ఎక్కువ, రైతులు విత్తనాలన్నీ ముందే చల్లేయొద్దు అని. పేపర్లు ఒక మూల వేసి వదిలేశాయి.

మొదటి సగం ఆవిడ చెప్పినట్టే ఎండిపోయింది. చిత్రమేమిటంటే, ఆ సగం నిజమైనందుకు ఎవరూ మెచ్చుకోలేదు, రెండో సగం రావట్లేదని మాత్రం అందరూ నిలదీశారు. పీపా బావ వీధిలోకి వస్తే చాలు, "ఏమంటోందోయ్ మీ సముద్రం?" అని ట్యాంకర్ డ్రైవర్ దగ్గర్నుంచి అందరూ అడిగేవాళ్లే. నవ్వి ఊరుకునేవాడు గాని లోపల పురుగు తొలిచింది. తను అతికిన తీగలే తప్పు చెబుతున్నాయేమో? ఊగే పీపా మీద, వాంతుల మధ్య చేసిన పని. ఒక్క తీగ సరిగ్గా అతక్కపోతే అంకెలన్నీ తప్పే. అన్నం సహించడం మానేసింది.

భార్య చూసి చూసి విసుక్కుంది. "అంత అనుమానమైతే ఇంకోసారి కొలిచి చూడొచ్చుగా. మెళ్లో టేపు పెట్టుకుని నేను కొలతకి కొలత సరిచూసుకోనూ?"

ఆ మాట పట్టుకుని బావమరిదికి తాడుకి కట్టిన థర్మామీటర్ ఇచ్చి పంపాడు. పీపా పక్కన వేరువేరు లోతుల్లో దింపి, చూసి చెప్పమన్నాడు. సాయంత్రం హార్బర్ గట్టు మీద కాచుకుని కూర్చున్నాడు. పడవ ఇంకా గట్టుకి తగలకుండానే బావమరిది అరిచాడు.

"నీ పీపా చెప్పిందే కరెక్టు బావా! లోపల కూడా వెచ్చగానే ఉంది!"

ఆ రోజు ఇంటికెళ్లి రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాడు.

కొద్ది రోజులకి మేడమ్ ఆయన్ని తెర దగ్గరికి పిలిచింది. భూమి నడుము చుట్టూ నెలకో రెండు నెలలకో ఒక చుట్టు తిరిగే మేఘాల గుంపు ఒకటుందని, అది ఇప్పుడు మన సముద్రం మీదికి వస్తోందని చూపించింది. "కింద వేడి సిద్ధంగా ఉంది. పైన ఇది వస్తోంది. ఈసారి కూడా రాకపోతే నాకు ఈ లెక్కలు రావనుకోవాలి" అంది. ఆవిడకీ నిద్ర కరువైనట్టు కళ్ల కింద నల్లగా ఉంది. ఆ సంగతి అప్పటిదాకా ఆయన గమనించలేదు.

వాన మధ్యాహ్నం వేళ మొదలైంది. భార్య ట్యాంకర్ వరస దగ్గర ఎవరితోనో తగాదా పడుతుండగా మొదటి చినుకులు ఖాళీ బిందెల మీద టంగుటంగుమన్నాయి. తగాదా మధ్యలో ఆగిపోయింది. అరిచినావిడా అరిపించుకున్నావిడా ఒకే చూరు కిందికి పరిగెత్తారు. ట్యాంకర్ డ్రైవర్ గొట్టం వదిలేసి, కిందికి దిగి, రోడ్డు మీదే తడుస్తూ నిలబడ్డాడు. వాన ఆ రోజుతో ఆగలేదు. ఆగుతూ పడుతూ వర్షాకాలం చివరిదాకా సాగింది. జలాశయం నిండుగా కాకపోయినా మరో ఏడుకి సరిపడా నిండింది. ఆలస్యంగా చల్లిన విత్తనాలు మొలిచాయి. మేడమ్ మాట వినకుండా ముందే చల్లినవాళ్లు నష్టపోయారు, ఆ బాధ ఆవిడకి ఉండిపోయింది. మరుసటి ఏడు నుంచి ప్రకటన పేపర్లకిచ్చి ఊరుకోకుండా, పీపా బావని వెంటబెట్టుకుని తనే ఊరూరూ తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. ప్రతి ఊళ్లోనూ టీ కప్పు ఊదేది మాత్రం ఆయనే.

ఈ ఏడు సంగతి వేరు. పసిఫిక్‌లో గాలి మళ్లీ పుంజుకుంది, ఎల్ నినోకి సరిగ్గా తలకిందులైన లా నినా వస్తోంది, వానలు మామూలు కంటే ఎక్కువ పడొచ్చని కేంద్రం ముందే చెప్పింది. అందుకే మండుటెండలో హార్బర్ వీధి జనం మురుగుకాలువలో దిగారు. చినుకు జాడ లేని కాలంలో కాలువ పూడిక తీయడం ఆ వీధి ఎన్నడూ ఎరగదు. బావమరిది మోకాలి లోతు బురదలో నిలబడి తట్టలు అందిస్తున్నాడు. గట్టు మీద చీర దోపుకుని పారతో నిలబడ్డ భార్య ఎవరెక్కడ తవ్వాలో చెబుతోంది. పీపా బావ తట్ట మోసుకెళ్లి రోడ్డు మీద కుమ్మరించి, నడుము పట్టుకుని నిలబడ్డాడు.

అరుగు మీద కూర్చున్న ఎదురింటి ముసలమ్మ విసనకర్ర ఊపుకుంటూ అడిగింది. "ఇంత ఎండలో ఎందుకురా ఈ అవస్థ? ఒకవేళ వాన పడకపోతే?"

"పడకపోతే కాలువ శుభ్రంగా ఉంటుంది పెద్దమ్మా" అన్నాడాయన. "కాస్త ఆ మంచినీళ్ల చెంబు ఇటివ్వు."